ఉదయపు రెండు గంటలు: ఒక మెట్ట మండలంలో అంగన్‌వాడీ చదువుపై కేస్ స్టడీ

అనంతపురం ప్రాంతంలోని ఒక మెట్ట మండలంలో, సూపర్‌వైజర్‌గా నా పరిధిలో ఉన్న సెక్టార్‌లో (కొన్ని కేంద్రాల సముదాయంలో), మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రాల్లో అందుతున్న పూర్వ ప్రాథమిక విద్య ఎలా ఉండేదో, దాన్ని బాగుచేయడానికి టీచర్లతో కలిసి ఏం చేశామో, అందులో ఏది ఫలించిందో, ఏది ఫలించలేదో ఇక్కడ రాస్తున్నాను. మండలం పేరు గాని, కేంద్రాల పేర్లు గాని, టీచర్ల పేర్లు గాని ఇందులో ఉండవు. తమ గదిలో ఒక మూల కూర్చుని చూడనిచ్చినందుకు వాళ్లకు నేనిచ్చిన మాట అది. పోషకాహారం, టీకాలు, గర్భిణులకూ బాలింతలకూ అందే సేవలు ఎంత ముఖ్యమైనవో ఈ ఉద్యోగంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా పిల్లల చదువు వేళను అవి తాకినంత మేరకే వాటి ప్రస్తావన వస్తుంది.

చెప్పదలచుకున్న మాట ముందే చెబుతాను. పల్లెటూరి సర్కారు ప్రీస్కూల్ నాణ్యతను కొలవాలంటే మొదట చూడవలసింది, ఉదయం పూట టీచర్ పిల్లల మధ్య అంతరాయం లేకుండా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారన్నది. భవనం, కిట్టు, పాఠ్యప్రణాళిక, శిక్షణ అన్నీ కావలసినవే గాని, ఆ సమయం లేనిచోట వాటిలో ఏదీ పిల్లల దాకా చేరదు.

మండలం, కేంద్రాలు

ఇది వేరుశనగ మీద, వాన మీద ఆధారపడ్డ ప్రాంతం. పంట చేతికి రాని సంవత్సరం పెళ్లయిన జంటలు బెంగళూరు చుట్టుపక్కల కట్టుబడి పనులకు వెళ్తారు. చిన్నపిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు, లేదా తల్లిదండ్రులతో పాటే వెళ్లి పండగలకు తిరిగివస్తారు. రోడ్డు మీద ఉన్న పెద్ద ఊళ్లు కొన్నే. వాటి చుట్టూ చిన్న పల్లెలు, ఇంకా లోపలికి వెళ్తే సుగాలీ (లంబాడీ) తండాలు ఉంటాయి. అంగన్‌వాడీ మాట ఇక్కడివాళ్లకు కొత్తది కాదు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని (ఐసీడీఎస్) ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు వాటిలో మన అనంతపురం జిల్లాలోని కంబదూరు ఒకటి. ఆ పథకం కింద అందే ఆరు సేవల్లో మూడేళ్లు దాటిన పిల్లల చదువు మొదటినుంచీ ఉంది. ఈనాడు పిల్లల్ని తీసుకువచ్చే అవ్వల్లో కొందరు తామే చిన్నప్పుడు అంగన్‌వాడీలో ఉప్మా తిన్నామని చెబుతారు. అక్కడ ఏం నేర్చుకున్నారని అడిగితే మాత్రం జవాబు ఆలోచించి చెప్పవలసి వస్తుంది. ఈ కార్యక్రమం చరిత్రలో చదువు స్థానం ఎక్కడుందో ఆ జవాబే తెలియజేస్తుంది.

చట్టాల్లోనూ పరిస్థితి అలాగే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్లు నిండిన పిల్లలకు చదువును హక్కుగా చేసింది. మూడు నుంచి ఆరేళ్ల వారి విషయంలో 11వ సెక్షన్ ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని మాత్రమే అంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూడమన్నది. 2022లో దానికి పాఠ్యప్రణాళిక చట్రం, 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణా, చదువూ) అనే శిక్షణ కార్యక్రమం, 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ‘ఆధారశిల’ అనే పాఠ్యప్రణాళిక వచ్చాయి. మన రాష్ట్రంలో పూర్వ ప్రాథమిక తరగతులకు పీపీ-1, పీపీ-2 అనే పేర్లు కేంద్రాల్లోకి వచ్చాయి. ఇవన్నీ మంచి అడుగులు. అయితే పైనుంచి ప్రతి కొత్త మాట దిగివచ్చినప్పుడల్లా దాన్ని మోసే మనిషి మాత్రం పాత మనిషే, ఆమె దినచర్య కూడా పాతదే.

నాణ్యతను ఎలా చూశాం

నెలవారీ నివేదికలో మా సెక్టార్ ఎప్పుడూ బాగానే కనిపించేది. పేర్లు నమోదయ్యాయి, హాజరు ఉంది, బరువూ ఎత్తూ తీశారు, గుడ్లూ పాలూ ముట్టాయి. పిల్లవాడు ఆ గదిలో ఉన్నంతసేపు ఏం చేశాడన్న సంగతి ఆ అంకెల్లో ఎక్కడా దొరకదు. పెద్ద పరిశోధనల్లో వాడే నాణ్యత కొలమానాలు ఉన్నాయి గాని, వాటికి శిక్షణ పొందిన పరిశీలకులు కావాలి. మండల స్థాయిలో మేము చేయగలిగింది సులువైన పద్ధతి ఒకటి. పిల్లలు వచ్చిన దగ్గరనుంచి భోజనం వరకు గదిలో ఒక మూల కూర్చుని, ప్రతి ఐదు నిమిషాలకోసారి టీచర్ ఏం చేస్తున్నారు, ఎక్కువమంది పిల్లలు ఏం చేస్తున్నారు, గదిలో మాట్లాడుతున్నది ఎవరు అన్న మూడు సంగతులు కాగితం మీద రాసుకోవడం. సూపర్‌వైజర్ వచ్చారంటే టీచర్లు ఆ రోజు ప్రత్యేకంగా నడుపుతారు కాబట్టి, ఒకే కేంద్రానికి పదేపదే వెళ్లి, నా రాక మామూలు విషయం అయ్యేవరకు ఆగి, ఆ తర్వాతి కాగితాలనే లెక్కలోకి తీసుకున్నాను.

పిల్లల వైపు నుంచి చూడడానికి నాలుగైదు పనులు పెట్టుకున్నాం: విన్న కథను సొంత మాటల్లో చెప్పగలరా, గింజలను రంగును బట్టీ పరిమాణాన్ని బట్టీ వేరుచేయగలరా, ఎంతమంది కూర్చున్నారో చూసి అన్ని పళ్లేలు తేగలరా, మాట మొదట్లో ఉన్న శబ్దాన్ని పట్టుకోగలరా, రెండు మూడు దశలున్న సూచనను విని పాటించగలరా. అక్షరాలు రాయడాన్ని కావాలనే ఇందులో చేర్చలేదు. ఆ వయసులో అక్షరం గీయడం వేళ్ల అలవాటే గాని, చదవడానికి సిద్ధపడ్డారనడానికి గుర్తు కాదు.

మూడు కేంద్రాలు

సెక్టార్‌లోని కేంద్రాలన్నిటినీ వర్ణించడం కన్నా, వాటిలోని తేడాలన్నీ కనిపించే మూడింటిని దగ్గరగా చూపడం మేలు.

మొదటిది పెద్ద ఊళ్లోది. సొంత భవనం, గోడల మీద బొమ్మలు, ప్రీస్కూల్ కిట్టు, డిగ్రీ చదివిన టీచర్, చురుకైన ఆయా ఉన్నారు. ఎవరు తనిఖీకి వచ్చినా చూపించే కేంద్రం ఇదే. నాలుగేళ్ల పిల్లలు ఏ నుంచి జెడ్ వరకు పలక మీద దిద్దేవారు, వంద వరకు అంకెలు ఏకబిగిన వల్లించేవారు. నా కాగితాల్లో చూస్తే దాదాపు ప్రతి గడిలోనూ మాట్లాడుతున్నది టీచరే, లేదా టీచర్ చెప్పింది తిరిగి చెబుతున్న గుంపు. ఒక్క పిల్ల తన సొంత వాక్యం చెప్పిన సందర్భాలు అరుదు. వంద వరకు వల్లించిన పిల్లవాణ్ని అయిదుగురికి పళ్లేలు తెమ్మంటే చేతికి వచ్చినన్ని తెచ్చేవాడు. ఆ టీచర్‌ను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ ఊరి వీధిలోకి రోజూ ఉదయం రెండు ప్రైవేటు బడుల వ్యాన్లు వచ్చి, ఎల్‌కేజీ పిల్లల్ని టైలూ బూట్లతో ఎక్కించుకుని వెళ్తాయి. ఆ పోటీలో నిలబడాలంటే వాళ్లు చూపించేదే తానూ చూపించాలని ఆమె నమ్మారు.

రెండవది ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఉన్నది. పిల్లలకు బడి వాతావరణం అలవాటవుతుంది, అన్నలూ అక్కలూ పక్కనే ఉంటారు, ఒకటో తరగతి టీచర్‌కు ఈ పిల్లలు ముందే తెలిసి ఉంటారు. ఇవన్నీ నిజమైన లాభాలే. కాని చిన్న పల్లెల్లో ప్రాథమిక పాఠశాలకు పిల్లల సంఖ్య ప్రాణావసరం కాబట్టి, ఐదేళ్లు నిండని పిల్లలు కూడా ఒకటో తరగతి గదిలో వెనక వరుసలో కూర్చోవడం అక్కడ చూశాను. దేశంలో చాలాచోట్ల ఇదే జరుగుతోందని 2019లో అసర్ సంస్థ చిన్నపిల్లల మీద 26 జిల్లాల్లో చేసిన సర్వే చూపించింది. ఆ సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో 21.6 శాతం మంది అప్పటికే ఒకటో తరగతిలో ఉన్నారు. ఒకే తరగతిలో ఉన్నా, వయసు తక్కువైన పిల్లలు చదువులోనూ లెక్కల్లోనూ వెనకబడి ఉన్నట్టు కూడా అది చెప్పింది. ఐదేళ్లు నిండగానే ఒకటో తరగతిలో చేర్చడం మన దగ్గర చిరకాలంగా ఉన్న అలవాటు. ఆరేళ్లకు చేర్చమన్న కొత్త విధానం పల్లెకు చేరాలంటే, ఆ మధ్య సంవత్సరంలో అంగన్‌వాడీలో నిజంగా ఏదో జరుగుతోందన్న నమ్మకం తల్లిదండ్రులకు ముందు కలగాలి.

మూడవది తండాలోని మినీ కేంద్రం. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ పని మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. మినీ కేంద్రంలో ఆయా ఉండరు. ఇళ్లకు వెళ్లి పిల్లల్ని పిలుచుకురావడం, ఊడ్చుకోవడం, నీళ్లు పట్టుకోవడం, వంట, వడ్డన, పిల్లల్ని దొడ్డికి తీసుకెళ్లడం, రాతపని, చదువు అన్నీ ఒక్క మనిషివే. గది చిన్నది, కిట్టులో సగం వస్తువులు పోయాయి. ఐదు నిమిషాల కాగితాల్లో ‘టీచర్ పిల్లలతో’ అన్న గడి చాలా తక్కువసార్లు నిండింది. అయినా ‘మాట్లాడుతున్నది ఎవరు’ అన్న గడిలో ఇక్కడ పిల్లల పేర్లే ఎక్కువగా ఉన్నాయి. ఆ కేంద్రం టీచర్ తండా ఆడపడుచే. పిల్లలు లంబాడీలో మాట్లాడితే లంబాడీలోనే బదులిస్తారు, అదే వాక్యాన్ని తెలుగులో మళ్లీ అంటారు, ఎవరినీ ఆపి దిద్దరు. పొయ్యి దగ్గర కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతూ, పిల్లల చేత కూరగాయలు లెక్కపెట్టిస్తూ, రాత్రి ఇంట్లో ఏం జరిగిందో అడిగి చెప్పించుకుంటారు. కథ తిరిగి చెప్పమన్న పనిలో ఈ తండా పిల్లలు, లంబాడీలో చెప్పనిచ్చినంతసేపు, పెద్ద ఊరి పిల్లల కన్నా ఎక్కువ వివరంగా చెప్పారు. తెలుగులోనే చెప్పాలన్నప్పుడు నోరు మూసుకున్నారు. ఇదే తండా నుంచి పెద్ద ఊరి కేంద్రానికి వెళ్లే ఇద్దరు పిల్లల గురించి అక్కడి టీచర్, వీళ్లకు మాటలు సరిగా రావని నాతో ఎంతో ఆందోళనతో చెప్పారు. ఆ పిల్లలకు మాటలు ఉన్నాయి. ఆ గదిలో ఆ మాటలు అర్థం చేసుకునే మనిషి లేరు.

సమయం ఎక్కడికి పోతోంది

మూడు కేంద్రాల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, గోడలు, చదువు, భాష అన్నీ వేరైనా ఒక్క విషయం మూడింటిలోనూ సమానంగా కనిపించింది. పిల్లలు అతి చురుగ్గా ఉండే ఉదయం వేళలోనే మిగతా పనులన్నీ వచ్చి పడుతున్నాయి. గుడ్ల బండి అప్పుడే వస్తుంది, పాల పెట్టెలు అప్పుడే దిగుతాయి, బాలింతలు సరుకుల కోసం పొలానికి వెళ్లేముందు అప్పుడే వస్తారు. ఫోన్‌లో హాజరు, ఫొటోలు, ముఖ గుర్తింపు కూడా అప్పుడే. సిగ్నల్ లేని ఊళ్లో టీచర్ ఫోన్ పట్టుకుని మిద్దె ఎక్కితే, కింద ఆయా ఒక్కతే పిల్లల్ని కాచుకుంటూ వంట చూసుకోవాలి. ఒకప్పుడు ఒక్కో కేంద్రంలో పదకొండు రిజిస్టర్లు ఉండేవి. 2021 మార్చిలో వివరాలన్నీ ఫోన్‌లోనే నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చినప్పుడు రాతపని తగ్గుతుందని అందరం ఆశపడ్డాం. చాలాచోట్ల ఫోనూ కాగితమూ రెండూ మిగిలాయి.

అదనపు సమయం వల్ల పిల్లల చదువు నిజంగా మారుతుందా అన్న ప్రశ్నకు పొరుగు రాష్ట్రం నుంచి గట్టి జవాబు ఉంది. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గనిమియాన్, క్రిస్టఫర్ వాల్టర్స్ 640 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నింటికి సగం రోజు పనిచేసే మరో కార్యకర్తను ఇచ్చి ఫలితం చూశారు. చదువు చెప్పే సమయం రెట్టింపయింది. పద్దెనిమిది నెలల తర్వాత, కేంద్రాల్లోనే కొనసాగిన పిల్లల లెక్కల పరీక్షల్లో ప్రామాణిక విచలనంలో (పిల్లల మార్కుల మధ్య ఉండే తేడాల కొలతలో) 0.29 వంతు, భాషలో 0.46 వంతు పెరుగుదల కనిపించింది. విద్యా ప్రయోగాల్లో ఇది చిన్న ఫలితం కాదు. పోషకాహార లోపం కూడా తగ్గింది, అంటే చదువుకు సమయమిస్తే పోషణ దెబ్బతింటుందన్న భయానికి ఆధారం లేదు. ఆ అదనపు మనుషులు గొప్ప డిగ్రీలున్నవారేమీ కారు. ఆ ఊళ్లలోనే ఉన్నవారు, కొద్దిపాటి శిక్షణ పొందినవారు.

మాకు అదనపు మనిషిని ఇచ్చే అధికారం లేదు. ఉన్న మనిషికి రెండు గంటలు మిగల్చడమే మా చేతిలో ఉన్నది.

ఏం చేశాం

తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు చదువు వేళ అని సెక్టార్ సమావేశంలో టీచర్లే నిర్ణయించారు. ఆ వేళలో ఫోన్ అల్మారాలో ఉంటుంది, సరుకుల పంపిణీ ఉండదు, నాతో సహా ఎవరు వచ్చినా చూసిపోవడమే గాని రిజిస్టర్ అడగడం ఉండదు. దీన్ని అమలుచేయడానికి చాలా చిన్నచిన్న మాటలు చాలామందితో మాట్లాడవలసి వచ్చింది. గుడ్ల బండి డ్రైవర్‌తో మాట్లాడి మా వైపు ఊళ్లకు మధ్యాహ్నం వచ్చేలా దారి మార్పించాం. సరుకులకు వచ్చే తల్లులకు పొద్దున ఎనిమిదిన్నర లోపు, లేదా భోజనం తర్వాత అని చెప్పాం. కూలికి వెళ్లేవాళ్లకు పొద్దుటి వేళే నచ్చింది. ఏఎన్ఎం, ఆశాలతో కూర్చుని టీకాల రోజును చదువు లేని రోజుగా ముందే లెక్కవేసుకున్నాం, మిగతా రోజుల్లో ఆ పనులు చదువు వేళలోకి జారకుండా చూసుకున్నాం. పై అధికారులకు వెళ్లవలసిన ఫొటోలు భోజన సమయంలో తీసి పంపడానికి మా సెక్టార్‌కు పైనున్న ప్రాజెక్టు కార్యాలయం స్థాయిలో ఒప్పుకున్నారు. ఆ ఒక్క సమ్మతి లేకపోతే మిగతాదేదీ నిలబడేది కాదు.

ఆయాల పాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది దృష్టిలో ఆయా అంటే వంటా, ఊడ్పూ. కాని ఆ రెండు గంటల్లో మూడేళ్ల పిల్లలు ఒకవైపు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు ఇంకోవైపు ఉండాలంటే రెండో పెద్దమనిషి కావాలి. పప్పు పొయ్యి మీద పెట్టి ఉడికే సమయంలో ఆయా చిన్నపిల్లల ఆటమూలను చూసుకుంటే, టీచర్ పెద్ద పిల్లల చిన్న గుంపుతో కూర్చోవచ్చు. ఇందుకోసం సెక్టార్ సమావేశాల్లో సగం సమయం ఆయాలకూ టీచర్లకూ కలిపి అభ్యాసంగా మార్చాం. ఒకరు పిల్లలకు కథ చెప్పినట్టు చెబుతారు, మిగతావారు పిల్లలుగా కూర్చుంటారు, తర్వాత ఏ ప్రశ్నకు ఎక్కువ మాటలు వచ్చాయో చర్చిస్తారు. ‘ఇది ఏమి?’ అన్న ప్రశ్నకు ఒక్క మాట వస్తుంది, ‘ఆ తర్వాత ఏమైంది?’ అన్నదానికి కథ వస్తుంది అన్న సంగతిని ఒక ఆయా అక్కడే గమనించి చెప్పింది. నేను ఇచ్చిన ఉపన్యాసాల కన్నా ఆ ఒక్క మాట అందరికీ గుర్తుండిపోయింది.

రెండు గంటల్లో ఏం చేయాలన్నదానికి కొత్త పుస్తకం రాయలేదు. ఉన్న పాఠ్యప్రణాళికలోని థీములనే తీసుకుని, ఒకే కథను వారమంతా చెప్పడం, మధ్యలో ఆపి పిల్లలతో చెప్పించడం, చివరిరోజు వాళ్లే ఆడడం అలవాటు చేశాం. రోజుకొక కొత్త కథ చెప్పాలని టీచర్లకు ఉండేది. విసుగు పెద్దవాళ్లదే, పిల్లలది కాదని వారం తిరిగేసరికి వాళ్లే చూశారు. లెక్కకు చింతగింజలు, శెనక్కాయలు, సీసా మూతలు, పళ్లేలు, గ్లాసులు చాలు. మూడేళ్ల పిల్లల గుంపులోకి మాత్రం గింజలు రానివ్వలేదు. ముక్కులో, గొంతులో పెట్టుకునే వయసు కాబట్టి వాళ్లకు మూతలూ గిన్నెలే. పెద్ద ఊరి కేంద్రంలో పలకలను పూర్తిగా మాన్పించలేదు, అలా చేస్తే ఆ తల్లులు మరునాడే వ్యాన్ వైపు చూసేవారు. పలక సమయాన్ని చివరికి జరిపి, పిల్లలు గీసిన బొమ్మ కింద వాళ్లు చెప్పిన మాటను టీచర్ తెలుగులో రాసి చదివి వినిపించడం చేర్చాం. తాను అన్న మాట గీతలుగా మారి, మళ్లీ మాటగా చెవికి రావడం నాలుగేళ్ల పిల్లకు ఎంత ఆశ్చర్యమో ఆ గదిలో కూర్చున్నవారికే తెలుస్తుంది.

తండా పిల్లలు చేరే పెద్ద ఊరి కేంద్రానికి మినీ కేంద్రం టీచర్ సెక్టార్ సమావేశంలో రోజువారీ లంబాడీ మాటలు కొన్ని నేర్పారు. నీళ్లు కావాలని పిల్ల ‘పాణీ’ అంటే అర్థం చేసుకుని ఇచ్చే మనిషి ఉన్నచోట ఆ పిల్ల రెండో మాట కూడా మాట్లాడుతుంది.

తల్లిదండ్రులు

ప్రైవేటు ఎల్‌కేజీల గురించి మనం తరచుగా తేలికగా మాట్లాడతాం. కూలి డబ్బులో నుంచి ఫీజు కట్టే తల్లి ఆశను తక్కువచేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ డబ్బుకు ఏం దొరుకుతోందన్నది వేరే ప్రశ్న. రాజస్థాన్, అస్సాం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో నాలుగేళ్ల పిల్లలను 2011 నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా అనుసరించిన ఒక పెద్ద అధ్యయనాన్ని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్, యూనిసెఫ్ 2017లో వెలువరించాయి. అంగన్‌వాడీలైనా, ప్రైవేటు ప్రీస్కూళ్లయినా, బడికి సిద్ధం చేసే నాణ్యత ఎక్కువచోట్ల లేదని అది తేల్చింది. అంగన్‌వాడీల్లో చదువే తక్కువ, ప్రైవేటులో ఒకటో తరగతి పాఠాలను కిందికి దించి వల్లె వేయించడం ఎక్కువ. మా మండలంలో నేను చూసినదానికి ఆ వాక్యంలో ఒక్క మాట మార్చనక్కరలేదు.

నెలనెలా జరిపే ఈసీసీఈ దినాన్ని (చిన్నపిల్లల సంరక్షణ, విద్య దినాన్ని) ఇందుకు వాడుకున్నాం. ప్రసంగాలు తీసేసి, పిల్లలు చేసే పనులనే తల్లులూ అవ్వలూ పక్కన కూర్చుని చేసేలా పెట్టాం. ఏడు పళ్లేలు తెమ్మంటే సరిగ్గా ఏడు తెచ్చిన మనవణ్ని చూసి ఒక అవ్వ, వీడికి లెక్క తెలిసిందని తనకు తానే అనుకుంది. అలాంటి గుర్తింపు కలిగిన ఇళ్ల పిల్లలు చాలావరకు నిలిచారు. అప్పటికే వ్యాన్ ఎక్కినవారిలో తిరిగి వచ్చినవారు చాలా తక్కువ. నమోదు సంఖ్య పెంచడమే లక్ష్యంగా పెట్టుకుని ఉంటే ఈ పనిని విఫలం అనవలసి వచ్చేది.

ఫలితాలు, మిగిలిన లోటు

ఐదు నిమిషాల కాగితాలను మళ్లీ నింపినప్పుడు పెద్ద ఊరి కేంద్రంలో అన్నిటికన్నా పెద్ద మార్పు కనిపించింది. చిన్న గుంపులు ఏర్పడ్డాయి, పిల్లల మాటల గడులు నిండాయి, పళ్లేల పనిలో, కథ పనిలో స్పష్టమైన మెరుగుదల వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల వేగం కొంత తగ్గింది. దానికి టీచర్ సిద్ధపడే ఉన్నారు. పాఠశాల ఆవరణలోని కేంద్రంలో ఒకటో తరగతి టీచర్ చెప్పిన సంగతిని ముఖ్యంగా నమోదు చేస్తాను: ఈసారి వచ్చిన పిల్లలు అక్షరాలు ఎక్కువ తెలిసి రాలేదు, కాని చెప్పింది వింటున్నారు, తెలియకపోతే అడుగుతున్నారు, అందువల్ల అక్షరాలు త్వరగా పట్టుకుంటున్నారు. ఐదేళ్లు నిండనివారిని వెనక వరుసలో కూర్చోబెట్టడం అక్కడ ఆగింది. ఆ నిర్ణయం ఆ ప్రధానోపాధ్యాయులదే, మా ఒత్తిడి ఏమీ లేదు.

వలస వెళ్లే కుటుంబాల పిల్లల విషయంలో మేము చేసినది ఏదీ పనిచేయలేదు. నెలల తరబడి పనిచోట్ల ఉండి వచ్చిన పిల్లవాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆ పనిచోట అంగన్‌వాడీ ఉందో లేదో, అందులో పేరు రాసుకున్నారో లేదో తెలుసుకునే దారి మా స్థాయిలో లేదు.

మరో సంగతి. చదువు వేళను కాపాడే బాధ్యత ఎవరి మీద పెడుతున్నామో వారి వేతనం గురించి మాట్లాడకుండా నాణ్యత గురించి మాట్లాడడం న్యాయం కాదు. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబర్‌లో నెలకు రూ. 4,500 అయింది, మన రాష్ట్రం కలిపి ఇచ్చే మొత్తం 2019లో రూ. 11,500 అయింది. ఆ మొత్తం పెంచాలనీ, గ్రాట్యుటీ ఇవ్వాలనీ 2023 డిసెంబర్ 12 నుంచి రాష్ట్రమంతటా 42 రోజులు సమ్మె జరిగింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, వారు గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి ఉంది. మా సెక్టార్‌లో నాణ్యత ముందు పెరిగిన కేంద్రాలన్నీ అనుభవం ఉన్న టీచర్లవే. అలాంటివారు ఉద్యోగంలో నిలవాలంటే ఆ ఉద్యోగం నిలవదగినదిగా ఉండాలి.

ఇక తండా మినీ కేంద్రం. చదువు వేళ నియమం అక్కడ సగమే అమలైంది. పొయ్యి మీద అన్నం పెట్టిన మనిషి రెండు గంటలు వేరే మూల కూర్చోలేరు. కొన్నాళ్లు తండాలోని తల్లులు వంతులవారీగా వంటకు వచ్చారు, కలుపుతీత మొదలవగానే ఆ ఏర్పాటు ఆగింది. ఎవరినీ అనడానికి లేదు, కూలి పోగొట్టుకుని ఎన్నాళ్లు వస్తారు? మినీ కేంద్రాలను మెయిన్ కేంద్రాలుగా మార్చి ఆయాను ఇచ్చే పని తెలుగు రాష్ట్రాల్లో మొదలైంది. ఆ ఆయాను ఎంపిక చేసేటప్పుడు తండా భాష వచ్చినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని, మొదటి నెల శిక్షణ వంటశాలలో కాకుండా పిల్లల ఆటమూలలో జరగాలని మా సెక్టార్ తరఫున ప్రాజెక్టు కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చాం. నెలవారీ నివేదికలో హాజరు గడి పక్కన మరో గడి చేర్చి, టీచర్ ఆ నెలలో అంతరాయం లేకుండా పిల్లలతో గడిపిన సమయాన్ని అందులో నింపాలన్నది అదే లేఖలోని రెండో అభ్యర్థన. ఆ గడిని మా కేంద్రాలు తెల్లకాగితం మీద ఇప్పటికే నింపుతున్నాయి.